టెస్టుకిచ్చిన కారు

వంశీధర్ ఆ కారును బల్ల మీద పెట్టి చూపుడువేలితో మెల్లగా తోశాడు. అది మూరెడు దూరం పోయి, కుడిపక్కకు తిరిగి, పెన్నుల డబ్బాకు తగిలి ఆగింది. ముందు చక్రాల్లో ఒకటి బల్లకు ఆననే లేదు.

"చూడమ్మా సంధ్యా. దీన్ని చూస్తే నీకేమనిపిస్తోంది? మొహమాటం లేకుండా చెప్పు."

సంధ్య దాన్ని చేతిలోకి తీసుకుంది. జానెడు పొడవు ప్లాస్టిక్ కారు. గుండ్రటి పైకప్పు ఉండే పాతకాలపు జర్మన్ కారుకు నమూనా. డబ్బాలో విడి ముక్కలుగా వస్తే ఇంట్లో కూర్చుని అతికించుకునే రకం. దీన్ని అతికించిందెవరో గాని వాళ్ళకు ఓపిక లేదు. అతుకుల్లోంచి జిగురు పొంగి గడ్డలు కట్టింది. ఎర్ర రంగును కుంచెతో మందంగా పులిమారు. అందులో రెండు కుంచె వెంట్రుకలు అలాగే ఎండిపోయి ఉన్నాయి. తలుపుల గీతలు రంగు కింద పూడిపోయాయి. ముందు అద్దానికి జిగురు ఆవిరి పట్టి తెల్లగా మసకేసింది. హెడ్‌లైట్లు రెండూ లేవు.

"చేసినాయనకు తొందర ఎక్కువ సార్," అంది. "రంగు ఆరకముందే చేత్ల వట్టుకున్నడు. ఇగో, పైన బొటనేలు ముద్ర."

వంశీధర్ కళ్ళజోడు పైకి జరుపుకుని ఆమె చూపించిన చోట చూశాడు. నవ్వాడు.

"వారం రోజుల్లో నలుగురొచ్చారు. ఈ వేలిముద్ర ఒక్కళ్ళూ చూడలేదు."

సూరత్ పక్కన హజీరాలో పెద్ద కంపెనీలో ఇంజినీరు ఉద్యోగం మానేసి, ఊళ్ళో అడాజన్‌లో ఈ మూడో అంతస్తు గదులు తీసుకున్నానని అతను ఫోన్‌లోనే చెప్పాడు. బిల్డర్లకు అపార్టుమెంట్ల నమూనాలు, సరదాపడే వాళ్ళకు బొమ్మ కార్లు, లారీలు చేసిస్తాడు. సంధ్య వచ్చింది అందులో పనికి. లోపలి గది తలుపు సగం తెరిచి ఉంది. పొడవాటి బల్ల, దాని మీద గుండ్రటి భూతద్దం బిగించిన దీపం, రెండు కుర్చీలు కనిపిస్తున్నాయి. కుర్చీలకు ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయలేదు.

"దీన్ని టెస్టుల కోసమే పాత సామాన్లవాడి దగ్గర కొన్నాను," అన్నాడు వంశీధర్. "శనివారానికి కొత్తదానిలా చేసి తీసుకురా. నచ్చితే ఆ కుర్చీల్లో ఒకటి నీది. మన తెలుగమ్మాయివి, నాకూ సంతోషమే."

కారుతో పాటు ఒక నీలంరంగు స్ప్రే డబ్బా, నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితాలు మూడు ఇచ్చాడు. ఇక మిగతావన్నీ నీ తెలివి అన్నాడు.

సంధ్య ఉధనా దర్వాజా దగ్గర బస్సు మారి బమ్రోలీలో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆ వరుస గదుల్లో చివరిది వాళ్ళది. ఎదురుగా ఉన్న మగ్గాల షెడ్డు చప్పుడుకు తలుపు రేకు సన్నగా అదురుతూ ఉంటుంది. తల్లి భాగీరథి గడప దగ్గర వెలుతురులో కూర్చుని, మోకాళ్ళ మీద చీర పరుచుకుని, మైనం పూసిన పుల్లతో ఒక్కో గాజురాయిని లేపి జిగురు చుక్క మీద పెడుతోంది. తండ్రి దశరథం మగ్గాల మీద రాత్రి పాళీకి పోవడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు.

అట్టపెట్టె తెరిచి చూసి, "బొమ్మకారా?" అన్నాడు.

"టెస్టు, బాపు. మంచిగ చేస్తే పనిల తీస్కుంటడు."

"ఇంటర్ సదివింది గిందుకానె? ఆ గోడౌన్‌ల రాజలింగం మామ నీకోసం జాగ ఆపి పెట్టిండు. చీరలు మడత పెట్టుడు, కవర్ల ఏసుడు. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నడు. గది పని. గిది ఆట."

"శనివారం దాకే గదా."

దశరథం టిఫిన్ డబ్బా చేతిలోకి తీసుకుని, కారు వైపు మళ్ళీ చూశాడు. "గా చక్రమే వంకర," అని బయటికి నడిచాడు.

*

మంగళవారం పొద్దున కారును స్టీలు డబ్బాలో పెట్టి, పక్క గదిలో ఉండే ఎల్లవ్వ దగ్గరికి తీసుకుపోయింది సంధ్య. ఎల్లవ్వ చల్లటి నీళ్ళ పాకెట్లు, ఐస్ పుల్లలు అమ్ముతుంది. వాడకట్టు మొత్తానికి గడ్డకట్టించే ఫ్రిజ్ ఆమెదొక్కటే.

"దీంట్ల కారు వెడ్తవా? ఎందుకే బిడ్డా?"

"చలికి పాత జిగురు పెళుసైతది అవ్వా. ఫోన్‌ల చూసిన."

మధ్యాహ్నం తీసి, అతుకు దగ్గర రెండు బొటనవేళ్ళతో కొద్దికొద్దిగా వంచింది. మొదట చక్రాల ఇరుసు ఊడింది. తర్వాత అడుగు పలక. తర్వాత ముందు అద్దం, అదృష్టం బాగుండి పగలకుండా వచ్చింది. పైకప్పును ఆపే సన్నటి కమ్మీ ఒకటి మాత్రం టప్పుమని విరిగింది. ఆ చప్పుడుకు గదిలో పడుకున్న దశరథం పక్కకు తిరిగాడు. రాత్రంతా పన్నెండు గంటలు నిలబడి వచ్చి పొద్దంతా పడుకునే మనిషి. ఎదురుగా మగ్గాలు మోగుతున్నా లేవడు గాని, గదిలో చెంచా కింద పడితే లేస్తాడు. సంధ్య ఊపిరి బిగబట్టి, అతను మళ్ళీ గురకపెట్టేదాకా కదలలేదు.

వీధి చివర స్కూటర్లు బాగుచేసేవాడి దగ్గర పాత బ్రేక్ ఆయిల్ అడిగి తెచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలో పోసి ముక్కలన్నీ అందులో ముంచి, తల్లి వాడే చీర కవరొకటి చేతికి తొడుక్కుని కూర్చుంది. గంటకల్లా ఎర్ర రంగు ముడతలు పడి, పొరలు పొరలుగా లేచింది. పాత పళ్ళబ్రష్షుతో రుద్దింది. రంగు కింది ప్లాస్టిక్ తెల్లగా, చాలా అందంగా ఉంది. తలుపు పిడులు, కిటికీ చుట్టూ సన్నటి అంచు, ముందు మూత మీద వెంట్రుక మందం గీత. ఇవన్నీ ఉన్నాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"అమ్మా, జర చూడు."

భాగీరథి చీర పక్కన పెట్టి వచ్చి చూసింది. "మంచిగనే ఉండె గదా పాపం," అంది. "ఎందుకు గట్ల పాడు చేసిండ్రో."

బుధవారం రోజంతా నీళ్ళ గిన్నె ముందు గడిచింది. గరుకు కాగితాన్ని తడిపి రుద్దితే చప్పుడు రాదు. జిగురు గడ్డలు, వేలిముద్ర, అతుకుల ఎత్తుపల్లాలు. కళ్ళు మూసుకుని వేలికొసతో తడుముతూ రుద్దింది. కంటికి కనిపించని మెట్టు వేలికి తగులుతుందని రాళ్ళు అతికించే పనిలోనే తెలుసుకుంది. వంగిన అడుగు పలకను మరుగుతున్న నీళ్ళలో ముంచి, తీసి, గచ్చు మీద పెట్టి రోటిబండతో అదిమి ఉంచింది. సాయంత్రానికి నాలుగు చక్రాలూ నేలకు ఆనాయి. దశరథం లేచి టీ తాగుతూ, కారు దగ్గర గొంతుకూర్చుని, వేలితో తోశాడు. అది తిన్నగా పోయి గోడకు తగిలింది. వెనక్కి తెచ్చి ఇంకోసారి తోశాడు.

పూడిపోయిన తలుపు గీతలను తెరవడానికి టేపు అతికించి, దాని అంచు వెంట కుట్టుమెషిన్ సూదితో గీసింది. గట్టిగా ఒత్తితే జారుతుంది. ఏమాత్రం ఒత్తకుండా ముప్పైసార్లు గీయాలి. గీత వెంట ప్లాస్టిక్ తెల్లటి దారంలా లేచి వచ్చేది.

అద్దమే ఆమెను ఏడిపించింది. వంపు తిరిగిన పలచటి ప్లాస్టిక్ అద్దం. చేత్తో పట్టుకుని రుద్దబోతే మూలలో సన్నగా చీలిక కనిపించింది. వెంటనే ఆపేసింది. పొయ్యి దగ్గర తల్లి రొట్టెలకు పిండి తడుపుతోంది. ఆ పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద అడిగి తీసుకుని, అద్దం వెనక వంపులో నింపి, పీట మీద ఒత్తింది. ఇప్పుడు ఎంత రుద్దినా అద్దం వంగదు. సన్న కాగితంతో ఒకవైపు, ఆ తర్వాత అడ్డంగా, ఆ తర్వాత పళ్ళపేస్టు, చివరికి శాటిన్ గుడ్డముక్క. పిండి ఎండిపోతుంటే మార్చి, మళ్ళీ మొదటి నుంచి. గురువారం మధ్యాహ్నం అద్దాన్ని కడిగి వెలుతురుకు పట్టింది. అవతల గడప దగ్గర తల్లి మొహం, ఆమె చేతిలోని పుల్ల, పుల్ల చివర రాయి స్పష్టంగా కనిపించాయి.

సంధ్యకు గట్టిగా అరవాలనిపించింది. తండ్రి పడుకుని ఉన్నాడని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం రంగు. బమ్రోలీ గాలి నిండా నూగు. మగ్గాల షెడ్ల నుంచి లేచి కరెంటు తీగల మీద, కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద దూదిలా పేరుకుంటుంది. డాబా ఎక్కి మొదటి పూత కొట్టి అలా చూస్తుండగానే తడి నీలం మీద నాలుగు పోగులు వచ్చి వాలాయి. అంతా రుద్ది తీసేసింది. నీళ్ళ బకెట్లు రెండు తెచ్చి చుట్టూ నేల తడిపింది. కారును పీట మీద పెట్టి, ఒక్కో పూత కొట్టగానే పెద్ద టబ్బు బోర్లించి, అది ఎగరకుండా పక్కనే కూర్చుంది. అలా నాలుగుసార్లు. మధ్యాహ్నం ఎండలో తల మాడిపోతున్నా టబ్బు మీంచి చేయి తీయలేదు.

సాయంత్రం హెడ్‌లైట్ల గుంటలు ఖాళీగా కనిపించాయి. సంధ్య తల్లి పక్కన కూర్చుంది. రాళ్ళను తూకం వేసి ఇస్తారు. తక్కువైతే మాట పడాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. భాగీరథి కూతురి మొహం చూసింది, పళ్ళెంలోని రాళ్ళను వేలితో కదిపి కదిపి, సరిగ్గా ఒకే కొలతవి రెండు ఏరి, పుల్లతో లేపి తనే గుంటల్లో కూర్చోబెట్టింది.

"ఇప్పుడు కండ్లు వచ్చినయి దానికి," అంది.

*

వంశీధర్ భూతద్దం దీపం కింద కారును చాలాసేపు తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ అతను మాట్లాడటం మానేశాడు. సంధ్యకు ముందు భయం వేసింది. తర్వాత అర్థమైంది. ఆమె ఎక్కడెక్కడ ఎంత కష్టపడిందో సరిగ్గా అక్కడక్కడే అతని వేలు ఆగుతోంది. విరిగితే ఆమె అతికించిన కమ్మీ దగ్గర, తలుపు గీత దగ్గర, అద్దం మూల దగ్గర. ఇంట్లో అందరూ బాగుందన్నారు గాని, ఎందుకు బాగుందో చూసిన మనిషి ఇతనొక్కడే.

"ఈ గీత దేనితో లాగావు?"

"మెషిన్ సూదితోని సార్."

"అద్దం కొత్తదా? ఎక్కడ దొరికింది?"

"అదే సార్. పాతదే."

అతను తలెత్తి చూశాడు. "అబద్ధం చెప్పకు. జిగురు ఆవిరి పట్టిన అద్దం మళ్ళీ ఇలా రాదు. నేను రెండు పాడుచేశాను."

సంధ్య చెప్పడం మొదలుపెట్టింది. పిండి సంగతి వినగానే అతను చేయెత్తి ఆపి, ఫోన్ తీశాడు. డ్రాయర్‌లోంచి మసకేసిన ఇంకో అద్దం, వంటగదిలోంచి కొంచెం పిండి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "చేసి చూపిస్తూ చెప్పు. రికార్డు చేస్తాను. హిందీలో చెప్పమ్మా, అదైతే బాగుంటుంది."

ఆమె చేతుల మీదికి ఫోన్ వంచి పట్టుకున్నాడు. సంధ్య పిండిని వంపులో ఎలా నింపాలో, గాలి బుడగ ఉంటే అద్దం అక్కడే ఎందుకు చీలుతుందో, కాగితాన్ని ఏవైపు ఎన్నిసార్లు లాగాలో చెప్పింది. తన గొంతు అంత ధైర్యంగా పలకడం ఆమెకే కొత్తగా ఉంది. అతను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

ఫోన్ పక్కన పెట్టాక అతని చూపు హెడ్‌లైట్ల మీద పడింది.

"ఇవి చీరల రాళ్ళా? మెరుపు ఎక్కువైపోయింది. క్లయింటు ఒప్పుకో..." ఆగాడు. "అంటే, రేపు క్లయింట్లకి చేసేటప్పుడు ఒప్పుకోరని చెప్తున్నా."

పట్టకారుతో రాళ్ళు రెండూ పీకి కాగితం ముక్కలో పెట్టాడు. డ్రాయర్‌లో ఇంకో అర లాగి, చిన్న కవరులోంచి అసలు హెడ్‌లైట్ అద్దాలు రెండు తీసి గుంటల్లో అమర్చాడు. అవి టక్కున సరిపోయాయి. ఈ కారువే అవి. మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి.

"ఈ రాళ్ళు మీ అమ్మగారికి ఇచ్చేయమ్మా," అని కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "పని చాలా బాగుంది. నిజంగానే చెప్తున్నా. మంగళవారం లోపు ఫోన్ చేస్తాను."

మెట్లు దిగుతున్నప్పుడు ఆ 'క్లయింటు' అన్న మాట ఆమె కాలికి అడ్డం తగిలినట్టయింది. కాని అతను అద్దం చూసిన తీరు గుర్తుకొచ్చింది. ఆ చూపులో అబద్ధం లేదు. దాన్నే పట్టుకుని ఇంటికి వచ్చింది.

భాగీరథి కాగితం విప్పి రాళ్ళు చూసి, "గివి వద్దన్నడా?" అంది.

"ఆయన దగ్గర అసలువి ఉన్నయమ్మా."

భాగీరథి రెండింటి వెనకా ఉన్న జిగురు గోకి, చీర అంచులో వాటి చోట అతికించింది.

సోమవారం పొద్దున దశరథం పాళీ దిగి వచ్చి, చెప్పులు విడుస్తూనే అన్నాడు. "రాజలింగం మామకు రెండు దినాలు ఆగుమని చెప్పిన. ఏమనలే."

మంగళవారం ఫోన్ రాలేదు. బుధవారం సంధ్య రెండుసార్లు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆ రోజంతా తల్లి పక్కన కూర్చుని రాళ్ళు అతికించింది. ఒక పువ్వు మొత్తం వంకరగా వచ్చింది. భాగీరథి ఆ రాళ్ళన్నీ లేపేసి తనే మళ్ళీ పెట్టింది.

*

గురువారం మధ్యాహ్నం అడాజన్ పోయింది. మూడో అంతస్తులో తలుపు మూసి ఉంది. లోపల ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్న వంశీధర్ గొంతు వినిపిస్తోంది. తలుపు పక్క మెట్టు మీద ఒక అమ్మాయి అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతోంది. "ఆఁ, వచ్చిన అమ్మా. ఇంక పిలువలే. తిన్న, తిన్న."

ఫోన్ పెట్టేశాక సంధ్య అడిగింది. "మీరు తెలుగోళ్ళా?"

"ఔనక్కా. నా పేరు నీరజ. ఉన్ బస్తీల ఉంటం. మా నాయిన సాంచలు నడుపుతడు." సాంచలంటే మగ్గాలే. సూరత్‌లో నేతవాళ్ళ ఇళ్ళల్లో అందరూ అలాగే అంటారు. "నువ్వు ఈడ పనిచేస్తవా?"

"లే. అడుగుదామని వచ్చిన."

నీరజ ఉత్సాహంగా పక్కకు జరిగి చోటిచ్చింది. పెట్టె మూత తీసి చూపించింది. చిన్న లారీ. పచ్చరంగు. అతుకులు బాగానే కలిశాయి. ముందు అద్దం మాత్రం ఇంకా సగం మసకగా, మధ్యలో గీతలు పడి ఉంది.

"గిదొక్కటే కాలే నాకు. సార్ మొన్న వీడియో పంపిండు, గిట్ల చెయ్యమని. లోపట పనిచేసే అక్క అట. ఎంత మంచిగ చెప్తదో చూడు."

ఆమె ఫోన్ ముందుకు పట్టుకుంది. తెర మీద రెండు చేతులు. పిండిముద్ద. గోరు మూలలో నీలంరంగు. తన గొంతు తనకు కొత్తగా, ఎవరో పెద్ద ఉద్యోగస్తురాలి గొంతులా వినిపించింది. హిందీలో చెబుతోంది, గాలి ఉండకుండా నింపండి అని.

"నన్ను తీస్కుంటే గీ అక్క పక్కకే కూసుంటగావచ్చు," అంది నీరజ. "రెండు కుర్చీలు ఉన్నయి సూసినవా? నాకు గిది మూడో టెస్టు. మొదటిది కారు, రెండోది మోటర్‌సైకిల్. సార్ ప్రతిసారి మస్తు మెచ్చుకుంటడు. గియ్యాల ఖాయం జేస్తడు."

సంధ్య తెర వైపు చూస్తూనే ఉంది. వీడియో అయిపోయి మళ్ళీ మొదలైంది.

"ఆమె చెప్పినట్టే చేసిన," అంది నీరజ. "అయినా గీతలు వడ్డయి. ఎందుకో."

"నీళ్ళు తక్కువైనయి," అంది సంధ్య. "కాగితం మీద కాదు, అద్దం మీద పొయ్యాలె. గిన్నెల ముంచే రుద్దాలె. వీడియోల ఆ మాట చెప్పుడు మరిచిన."

నీరజ తల తిప్పి చూసింది. మొదట మొహం వైపు, తర్వాత చేతుల వైపు. సంధ్య గోరు మూలలో నీలం ఇంకా పోలేదు. నీరజ ఫోన్ మీద వేలు పెట్టి వీడియో ఆపింది.

"నువ్వు లోపట పనిచెయ్యవా?" అంది, చాలా చిన్నగా.

"లోపట ఎవ్వలు పనిచెయ్యరు."

తలుపు తెరుచుకుంది. వంశీధర్ గుమ్మంలో ఆగిపోయాడు. మెట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. అతని మొహంలో ఏదో కదిలింది. కాని గొంతు మామూలుగానే ఉంది.

"ఓ, సంధ్యా. నీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్నానమ్మా."

సంధ్య లేచి నిలబడింది. "నీలం కారు ఏడుంది సార్?"

"అదా... పంపించేశాను."

"ఏడికి?"

అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "పుణేలో ఒకాయన. వాళ్ళబ్బాయి చిన్నప్పుడు అతికించిన కారట. ఆ అబ్బాయి ఇప్పుడు లేడు. బాగుచేయించి పెట్టుకుందామని పంపాడు. నిన్న ఫోన్ చేసి మాట్లాడలేకపోయాడమ్మా, ఏడ్చాడు. నీ పని అంత బాగుంది."

బొటనవేలి ముద్ర. తాను నీళ్ళలో రుద్ది రుద్ది తీసేసిన ఆ ముద్ర ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

"మాకు చెప్పలే సార్ మీరు."

"ఏం చెప్పను? జీతం ఇచ్చి మనిషిని పెట్టుకునే స్థితి నాకింకా రాలేదు. వస్తే నిన్నే మొదట పిలుస్తాను. ఇదిగో, ఇంకోటి ఉంది. రెండో రౌండు అనుకో. పడవ. చాలా పాడైపోయింది. నువ్వయితే తప్ప ఎవరూ చేయలేరు." లోపలికి చూపించాడు. బల్ల మీద తెరచాప కొయ్యలు విరిగిన చిన్న ఓడ ఉంది. అంత దూరం నుంచే ఆమె కళ్ళు దాన్ని పట్టుకున్నాయి. ఎక్కడ విప్పాలో, ముందు ఏ అతుకు తీయాలో తెలిసిపోయింది. చేతివేళ్ళు తమంతట తామే కదిలాయి. చున్నీ కొస గట్టిగా పట్టుకుని వాటిని ఆపింది.

"వద్దు సార్."

"ఆలోచించుకో అమ్మా." అతను నీరజ వైపు తిరిగాడు. "రా, చూద్దాం."

నీరజ పెట్టె మూత మూసింది. లేచింది. వంశీధర్ లోపలికి వెళ్ళాక కూడా గుమ్మం దగ్గరే నిలబడింది.

"పోకు," అంది సంధ్య.

"ఇంటికి వట్టుకపోయి ఏం జేస్త అక్కా దీన్ని?" నీరజ కళ్ళు నేల మీద ఉన్నాయి. "టెస్టు నడుస్తున్నదంటే ఇంట్ల ఏ పనికి పొమ్మంటలేరు. గిదీ లేదని ఎట్ల జెప్పాలె?"

ఆమె లోపలికి పోయింది. తలుపు మెల్లగా మూసుకుంది. సంధ్య మూడంతస్తులూ దిగింది.

*

ఇంటికొచ్చేసరికి దశరథం లేచి, మొహం కడుక్కుని, ఆమె కోసమే కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఈపాటికి టిఫిన్ డబ్బా పట్టుకుని గల్లీ మలుపు దాటేసేవాడు. భాగీరథి పుల్ల పట్టుకుని, రాయి లేపకుండా చూస్తోంది.

"ఏమన్నడు?"

సంధ్య చెప్పులు గోడ పక్కన జతగా పెట్టింది. "గోడౌన్‌కు పొద్దుగాల ఎన్ని గంటలకు పోవాలె బాపు? రేపట్నించే పోత."

పదిరోజులుగా దశరథం వినాలనుకున్న మాట అదే. కాని దాన్ని ఏంచేయాలో తెలియనట్టు చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఇంకో వారం చూడరాదు? రాజలింగానికి నేను చెప్త. ఆడు నా మాట వింటడు."

"వద్దు బాపు."

"జర ఓపిక వట్టాలె గసోంటి పనికి. గంత మంచిగ చేస్తివి..." ప్యాంటు జేబులోంచి ఫోన్ తీశాడు. తీసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు కొంచెంసేపు పట్టుకుని, కూతురి వైపు చాపాడు.

వాట్సాప్‌లో అతని పేరు పక్కన గుండ్రటి బొమ్మలో నీలం కారు. డాబా పిట్టగోడ మీద ఎండలో మెరుస్తోంది. శనివారం పొద్దున, ఆమె స్నానానికి పోయినప్పుడు తీసి ఉంటాడు.

"పాళీల అందరికీ చూపెట్టిన," అన్నాడు దశరథం. "సేఠ్‌కు గూడ. నా బిడ్డ చేసిందని. కంపెనీల జాబ్ అని చెప్పిన. రేపు అడుగుతరు గద. తీసెయ్యాల్నంటే నాకు తెల్వది, యాడ ఒత్తాలెనో."

భాగీరథి తల వంచుకుని రాయి లేపింది.

సంధ్య ఫోన్ తీసుకుంది. బొమ్మను ఒకసారి పెద్దది చేసి చూసింది. ముందు అద్దంలోంచి డాబా మీది ఆకాశం ఏ మరకా లేకుండా కనిపిస్తోంది. వెనక్కి వచ్చి, తీసేయమన్న చోట నొక్కింది. నిజంగా తీసేయాలా అని అది అడిగింది. నొక్కింది. కారు పోయి, ఆ గుండ్రటి చోట మొహం లేని బూడిదరంగు మనిషి ఆకారం వచ్చి కూర్చుంది.

దశరథం ఫోన్ తీసుకుని దాన్ని దగ్గరగా చూసుకున్నాడు. జేబులో పెట్టుకున్నాడు. "ఎనిమిదింటికి," అన్నాడు. "గోడౌన్ ఎనిమిదింటికి తెరుస్తరు." టిఫిన్ డబ్బా తీసుకుని, సాంచల చప్పుడులోకి దిగి పోయాడు.